శిక్షా శబ్దము – బాల తాడనము

శబ్దానికి అర్థంతో గల సంబంధాన్ని గురించి మన శాస్త్రకారులు ఎంత లోతుగా విచారించినారో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పవలసిన పని లేదు. అయితే ఆ విచారణ వాక్యార్థసభలకే పరిమితమై, మనం నిత్యం వాడే మాటల దాకా రావడం లేదు. లోకంలో ఒక పనికి ఒక పేరు స్థిరపడితే, ఆ పని మంచిదా చెడ్డదా అనే నిర్ణయం కూడ ఆ పేరుతోనే జరిగిపోతుంది. తరువాత దానిని ఎవరూ విచారించరు. అట్లా విచారణకు అందకుండా నిలిచిన మాటలలో ‘శిక్ష’ ఒకటి. పెద్దవాడు చిన్నవానిని కొట్టడాన్ని మనం తెలుగులో శిక్ష అంటున్నాము, దండన అంటున్నాము, బుద్ధి చెప్పడం అంటున్నాము. ఈ పేర్లే ఆ పనిని కాపాడుతున్నవని, వాటికి మన శాస్త్రాలలో అనుకొన్నంత ఆధారం లేదని, వాటిని సరిదిద్దవలసిన బాధ్యత సంస్కృతాంధ్రాధ్యాపకుల మీదనే ఎక్కువగా ఉన్నదని ఈ వ్యాసంలో నివేదిస్తున్నాను.

మొదట శిక్షాశబ్దాన్నే తీసికొందాము. ధాతుపాఠంలో శిక్ష ధాతువు భ్వాదిగణంలో ఉన్నది. విద్యను గ్రహించడం దాని అర్థం. శక్ ధాతువుకు సన్ ప్రత్యయం చేరినప్పుడు కూడ ఇట్టి రూపమే ఏర్పడుతుంది. ఆ పక్షంలో సమర్థుడు కావలెననే కోరిక శిక్ష అవుతుంది. ఏ విధంగా చూచినా ‘శిక్షతే’ అనే క్రియకు కర్త నేర్చుకొనేవాడు. వేదాంగాలలో మొదట లెక్కించేది శిక్ష. వర్ణాన్ని, స్వరాన్ని, మాత్రను సరిగా ఉచ్చరించడం నేర్పే శాస్త్రం అది. తైత్తిరీయోపనిషత్తులో మొదటి వల్లికి శీక్షావల్లి అని పేరు. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చెప్పే మాటలు అందులోనే ఉన్నవి. తమలోని మంచి నడతలనే అనుసరించవలెను గాని ఇతరమైన వాటిని కాదని ఆచార్యుడే శిష్యునితో చెప్పే ఘట్టం అది. ఆ మాటలకు ఆదేశమని, ఉపదేశమని, అనుశాసనమని ఆ ఉపనిషత్తే పేర్లు పెట్టినది. వాటిలో బెదిరింపు ఒక్కటి కూడ లేదు.

ఇట్టి మాట తెలుగులోకి వచ్చి ఏమైనది? 19వ శతాబ్ది మధ్యకాలంలో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో శిక్షకు విద్య, దండన అనే రెండర్థాలూ ఉన్నవి. నేటి వ్యవహారంలో మొదటి అర్థం ‘శిక్షణ’ అనే రూపానికి తరలిపోయి, శిక్షకు దండన ఒక్కటే మిగిలినది. కన్నడంలోను, మలయాళంలోను, మరాఠీలోను ఇట్లే జరిగినది. హిందీలో మాత్రం శిక్ష విద్యగానే నిలిచినది. మనం 1860నాటి నేరాల చట్టానికి తెలుగులో భారత శిక్షాస్మృతి అని పేరు పెట్టుకొన్నాము. అంతటితో న్యాయస్థానంలో హంతకునికి పడేదీ, బడిలో ఎక్కం తప్పిన పిల్లవానికి పడేదీ ఒకే పేరుతో వ్యవహరింపబడినవి. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. నేరాల చట్టం తన పేరులోనుండి శిక్షాశబ్దాన్ని విడిచిపెట్టినది. మన బడులూ ఇళ్లూ ఇంకా విడువలేదు.

ఈ అర్థపరిణామంలో కారకాలు కూడ తారుమారైనవి. సంస్కృతంలో ‘శిక్షతే’ అన్నప్పుడు పిల్లవాడు కర్త. తెలుగులో ‘వానిని శిక్షించినారు’ అన్నప్పుడు పిల్లవాడు కర్మ. నేర్చుకొనేవాడు తన చదువులో కర్తృత్వాన్ని పోగొట్టుకొని, ఇతరుని చేతికి విషయమైనాడు. అంతకన్న విచిత్రమైనది మరొకటి ఉన్నది. దెబ్బల ప్రసంగం వచ్చేసరికి తెలుగు పలుకుబడి పిల్లవానికి తిరిగి కర్తృత్వం ఇస్తుంది. ‘వాడు పంతులుగారి చేత దెబ్బలు తిన్నాడు’ అంటాము. తిన్నవాడు వాడే గనుక కర్త వాడే. ‘వీపున నాలుగు పడ్డవి’ అంటాము. అక్కడ దెబ్బలే కర్తలు, వేసినవాడు లేడు. కొట్టినవానిని గురించి చెప్పవలసి వస్తే ‘చేయి చేసుకొన్నాడు’ అంటాము. ఆ వాక్యంలో దెబ్బ తగిలిన శరీరం ప్రస్తావనే లేదు. భాష ఇంత జాగ్రత్తగా ఒకరిని మరుగుపరచినదంటే, ఆ మరుగు అవసరమైన పని ఏదో అక్కడ జరుగుతున్నదని గ్రహించవలెను.

దండన అనే మాట మరొక విధంగా పని చేస్తుంది. దండన అన్నమాత్రాన మూడు విషయాలు సిద్ధమైపోతవి. ఎదుటివానియందు అపరాధమున్నది. దండించేవానికి అధికారమున్నది. దండనకు అపరాధాన్ని బట్టి ఒక ప్రమాణమున్నది. ఈ మూడూ రాజు తీర్పు చెప్పే సభకు తగినవి. ఆరేళ్ల పిల్లవాడు ‘భ’ వ్రాయమంటే ‘బ’ వ్రాసినాడు. ఇందులో అపరాధమేది? తెలియకపోవడం అపరాధమైతే పాఠశాల అవసరమే లేదు. ఎన్ని దెబ్బలు అనే ప్రమాణం ఎక్కడ ఉన్నది? ఆనాటి ఉపాధ్యాయుని మనఃస్థితిలో ఉన్నది. అయినా ‘దండించినారు’ అనగానే వినేవానికి కలిగే మొదటి ప్రశ్న ‘వీడేమి చేసినాడు?’ అనేదే. ‘ఒక పెద్దమనిషి ఒక చిన్నవానిని కొట్టినాడు’ అని చెప్పి చూడండి. మొదటి ప్రశ్న మారిపోతుంది. ‘ఎందుకు కొట్టినాడు? ఆయనకేమైనది?’ అని అడుగుతారు. సంఘటన ఒకటే. మాట మారితే బోను ఎక్కవలసినవాడు మారినాడు.

ఇక లోకవ్యవహారంలోని సుకుమారోక్తులు చూడండి. బుద్ధి చెప్పడం అంటే కొట్టడం. దారిలో పెట్టడం అంటే కొట్టడం. నాలుగు వడ్డించడం అంటే కొట్టడం. దేహశుద్ధి, బడితెపూజ అనే మాటలను పత్రికలు సయితం సరసంగా వాడుతున్నవి. శుద్ధి, పూజ, వడ్డన అనేవి మన ఇళ్లలో పవిత్రమైన పనులకు పేర్లు. ముఖ్యార్థం బాధితమై, దానికి పూర్తిగా విరుద్ధమైన అర్థం తోచేచోట ఆలంకారికులు విపరీతలక్షణ చెప్పినారు. రూఢి లేనిచోట లక్షణకు ప్రయోజనం ఉండవలెనని కూడ చెప్పినారు. ఇక్కడ ప్రయోజనమేమిటి? వినేవాడు నవ్వవలెను, నవ్వినవాడు అడ్డుపడడు. వెనుకటి వీధిబడులలో పిల్లవానిచేత దూలానికి కట్టిన త్రాడు పట్టించి వ్రేలాడదీసే పద్ధతికి కోదండం వేయడం అని పేరు. శ్రీరామచంద్రుని ధనుస్సు పేరు అది. తొడపాశం, గోడకుర్చీ అనే పేర్లూ అటువంటివే. ఆసనాలవలె, ఆటలవలె వినిపించే ఈ పేర్లలో ఏడ్చే పిల్లవాడు ఎక్కడా కనిపించడు.

ఈ మాటలను విమర్శించినప్పుడల్లా మన వర్గం నుండి వచ్చే సమాధానం ఒకటి ఉన్నది: ‘శాస్త్రమే అనుమతించినది.’ శాస్త్రం ఏమన్నదో, ఏ మాటలతో అన్నదో చూడవలెను. మనుస్మృతి నాల్గవ అధ్యాయం కోపంతో ఇతరులమీద దండం ఎత్తరాదని నిషేధిస్తూ, పుత్రశిష్యులను మినహాయించి, వారిని అనుశాసనంకోసం తాడించవచ్చునన్నది. ఎనిమిదవ అధ్యాయం భార్యను, పుత్రుని, దాసుని, శిష్యుని, తోబుట్టువును తప్పు చేసినప్పుడు త్రాటితోగాని వెదురు బద్దతోగాని వీపుమీదనే కొట్టవచ్చునని, తలమీద ఎన్నడూ కొట్టరాదని, అతిక్రమించినవానికి దొంగకు కలిగే పాపం కలుగుతుందని చెప్పినది. ఈ వచనాలున్నవి. లేవనడం పాండిత్యం కాదు. అయితే వీటిలో ప్రయుక్తమైన ధాతువు ‘తడ’. ఆఘాతం దాని అర్థం. స్మృతికారుడు కొట్టడాన్ని కొట్టడమనే అన్నాడు. దానికి శిక్ష అనే పేరు పెట్టలేదు. కొట్టడమని స్పష్టంగా అన్నందువల్లనే సాధనానికి, స్థానానికి హద్దులు గీయవలసి వచ్చినది. అదే స్మృతి రెండవ అధ్యాయంలో భూతాలకు శ్రేయస్సును ఉపదేశించడం అహింసతోనే జరగవలెనని, ధర్మాన్ని కోరేవాని వాక్కు మధురంగా, మృదువుగా ఉండవలెనని చెప్పిన విషయం ఈ వాదులకు జ్ఞాపకం రాదు.

గౌతమధర్మసూత్రం ఇంకా స్పష్టంగా ఉన్నది. శిష్యుని శాసించడం వధ లేకుండా జరగవలెనని మొదటి విధి. అది సాధ్యం కానప్పుడు సన్నని త్రాడు, సన్నని వెదురు బద్ద. మరి దేనితోనైనా కొట్టినవానిని రాజు శాసించవలెను. ఇక్కడ రెండు మాటలు గమనింపదగినవి. కొట్టడానికి గౌతముడు వాడిన మాట వధ. ఈనాడు మనం చంపడానికి వాడే మాట అది. శిష్యునిమీద పడే దెబ్బకు ఆయన మెత్తని పేరు వెదకలేదు. రెండవది, శాస ధాతువు ఈ ప్రకరణంలో రెండుసార్లు వచ్చినది. ఒకసారి శిష్యుని విషయంలో శిష్టిగా, మరొకసారి హద్దు మీరిన గురువు విషయంలో శాస్యునిగా. శాసనమనేది ఒకవైపుకు మాత్రమే ప్రవహించే నీరు కాదని సూత్రకారుని అభిప్రాయం.

తెలుగునాట కృష్ణయజుర్వేదులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. ఆ ధర్మసూత్రం ప్రథమప్రశ్నలో ఆచార్యుడు శిష్యుని కొడుకువలె కోరుకొంటూ, విద్యలో ఏమీ దాచుకొనకుండా నేర్పవలెనని చెప్పి, తప్పు చేసినప్పుడు మందలించవలెనని చెప్పి, ఆపైన దండాలు ఇవి అని లెక్కపెట్టినది. భయపెట్టడం, ఉపవాసం, నీటిలో స్నానం, కొంతకాలం కంటికి కనిపించవద్దని పంపివేయడం. అంతే. ‘దండాః’ అని పేరు పెట్టి ఇచ్చిన ఆ పట్టికలో దండమే లేదు. ఈ నాలుగింటినీ నేటి బడిలో ప్రవేశపెట్టవలెనని నా తాత్పర్యం కాదు. భయపెట్టడం, పస్తులుంచడం నేడు చట్టవిరుద్ధాలు, అట్లా కావడమే న్యాయం. తమ సూత్రకారుడు దండశబ్దాన్ని దెబ్బతో ముడిపెట్టలేదన్న సంగతిని ఆపస్తంబులమని చెప్పుకొనేవారు తెలిసికొనవలెననే నా తాత్పర్యం.

దండానికి పది గుణాలున్నవనే నానుడి అందరి నోటా ఉన్నది. అది సాధారణంగా పిల్లవానిమీద బెత్తం ఎత్తేటప్పుడే వినిపిస్తుంది. ఆ శ్లోకం పూర్తిగా తెలిసినవారు పది సందర్భాలనూ లెక్కించి చూడవచ్చును: పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీరు, గ్రుడ్డితనం, చీకటి, ముసలితనం. ఈ పదింటిలో పుత్రుడు లేడు, శిష్యుడు లేడు. పదింటిలో అయిదు తడబడే మనిషికి ఊతకర్ర అవసరమైన చోటులు. ఉపనయనంలో కూడ దండప్రదానమున్నది. బ్రాహ్మణవటువుకు మోదుగకర్ర ఇస్తారు. అంటే శాస్త్రం విద్యారంభవేళ కర్రను పెట్టినది శిష్యుని చేతిలో. అది గురువు చేతికి ఎట్లా మారినదో ఏ గృహ్యసూత్రమూ చెప్పదు.

ఇక లాలనలో దోషాలు, తాడనలో గుణాలు ఉన్నవనే ప్రసిద్ధవచనం. ఇది వ్యాకరణ మహాభాష్యంలో ఉదాహృతమైనది గనుక వైయాకరణులు దీనిని ప్రమాణంగా చూపుతారు. ఏ సందర్భంలో వచ్చినదో మాత్రం చెప్పరు. అష్టాధ్యాయిలోని 8-1-8 సూత్రం ద్విరుక్తికి సంబంధించినది. వాక్యం మొదట వచ్చే సంబోధనపదం అసూయ, సమ్మతి, కోపం, కుత్సనం, భర్త్సనం అనే అర్థాలు తోచేటప్పుడు రెండుమార్లు ఉచ్చరింపబడుతుందని సూత్రార్థం. అక్కడ చర్చ ఏమిటంటే, కోపాన్నీ భర్త్సనాన్నీ వేరువేరుగా చెప్పనేల? కోపం లేనివాడు బెదిరించడు గదా. అందుకు ఒకరు, కోపం లేనివారు కూడ పిల్లలను బెదిరించడం కనిపిస్తున్నదని అంటారు. అప్పుడు వచ్చిన సమాధానం అమూల్యమైనది. కోపం లేకపోయినా వారు కోపించినవాని శరీరాకృతినే ధరిస్తారట. ఆ తరువాత, గురువులు అమృతమున్న చేతులతో కొడతారు గాని విషం పూసిన చేతులతో కాదనే లోకవచనం ప్రస్తావనకు వచ్చినది.

కాబట్టి భాష్యకారుడు ఇక్కడ కొట్టవలెనని విధించడం లేదు. కోపంతో నిమిత్తం లేకుండా భర్త్సనం ఉంటుందా అనే శబ్దప్రయోగవిచారణలో లోకం అనుకొనేదానిని చూపినాడు. పైగా మన వివాదానికి అసలు తీర్పు ఆ ‘శరీరాకృతి’ అనే మాటలోనే ఉన్నది. గురువు చేతిలోని అమృతం గురువుకు తెలియవచ్చును, పిల్లవానికి కనిపించదు. పిల్లవానికి కనిపించేవి లేచిన చేయి, ఎఱ్ఱబడిన కన్నులు, మారిన గొంతు. ఆ ఆకృతినే వాడు చదువుకొంటాడు. సూత్రంలో సమ్మతికీ భర్త్సనానికీ ద్విరుక్తి ఒకటే రూపం. ‘నాయనా, నాయనా’ అని మెచ్చుకొన్నా, ‘ఒరే, ఒరే’ అని అదలించినా, రెంటికీ నడుమ భేదాన్ని పిల్లవాడు గొంతునుండే గ్రహిస్తున్నాడు. అంత సూక్ష్మంగా గ్రహించగలవానికి కర్ర ఎందుకు?

భాగవతంలోని ప్రహ్లాదకథ ఈ సందర్భంలో స్మరింపదగినది. పోతనగారి వలన అది తెలుగువారి ఇంటి కథ అయినది. మూలంలో ఏడవ స్కంధంలో, పిల్లవాడు తమకు నచ్చని మాట చెప్పగానే గురుపుత్రులు బెత్తం తెమ్మంటారు. ఇటువంటి దుర్బుద్ధికి నాల్గవ ఉపాయమే తగినదంటారు. సామ దాన భేద దండాలు రాజు శత్రువులమీద ప్రయోగించే ఉపాయాలు. అయిదేళ్ల పిల్లవానిని ఎదుట నిలిపి రాజనీతి పరిభాష మాట్లాడడంలోనే వారి పరాజయమున్నది. పిల్లవానిని శత్రువుల పట్టికలో చేర్చిన తరువాత మిగిలినదంతా, ఏనుగులు, పాములు, అగ్ని, కొండకొమ్ము, వాటంతట అవే వచ్చినవి. ఆ కథను భక్తితో చదివే మనం ఏ పక్షాన ఉన్నామో చెప్పనవసరం లేదు. బడిలో మాత్రం చండామార్కుల పరిభాషను వదలము.

‘ఆ దెబ్బలే మమ్ములను ఇంతవారిని చేసినవి’ అనేవారు నా వయస్సువారిలో అనేకులు. వారి అనుభవాన్ని నేను కాదనను, వారి అనుమానప్రయోగాన్ని మాత్రం అంగీకరించను. కార్యానికి నియతంగా ముందుండవలెను, అన్యథాసిద్ధం కాకూడదు. అప్పుడే అది కారణం. దెబ్బలు తిని కూడ చదువు రానివారు ఉన్నారు, కాబట్టి అన్వయవ్యభిచారం. దెబ్బ తినకుండా మహాపండితులైనవారు ఉన్నారు, కాబట్టి వ్యతిరేకవ్యభిచారం. ఆవృత్తి, అవధానం, గురుసన్నిధి అనే నియతకారణాలతోనే విద్య సిద్ధిస్తుండగా, దెబ్బ కుండకు కుమ్మరివాని గాడిద వంటిది. మట్టి మోసిన మాట నిజమే కావచ్చును, అంతమాత్రాన కుండకు అది కారణం కాదు. ఘటానికి దండం కారణమని తర్కంలో చెప్పలేదా అని చమత్కరించేవారున్నారు. చెప్పినారు. అయితే ఆ దండం చక్రాన్ని త్రిప్పుతుంది, మట్టిని కొట్టదు.

పైగా సాక్షులెవరో చూడవలెను. దెబ్బలను తట్టుకొని నిలిచినవారే ఈనాడు దెబ్బలను మెచ్చుకొంటున్నారు. తట్టుకొనలేక వెళ్లిపోయినవారు మన సభలలో లేరు. నేను చదువుకొన్న పాఠశాలలో ఇద్దరు అధ్యాపకులుండేవారు. ఒకరు రూపం తప్పితే బెత్తం తీసేవారు. మరొకరు తప్పినచోట ఆపి ‘పునః’ అని ఒక్కమాట అనేవారు. ఎన్నిమార్లయినా అదే మాట, అదే గొంతు. మొదటివారి పాఠంలో మా చూపు ఆయన చేతిమీద ఉండేది, రెండవవారి పాఠంలో సూత్రంమీద ఉండేది. ధారణశక్తిలో మా అందరికన్న మిన్న అయిన ఒక సహపాఠి ఒక మాఘమాసంలో తెల్లవారుజామున మూట కట్టుకొని వెళ్లిపోయి తిరిగి రాలేదు. అటువంటివారు ప్రతి పాఠశాలలోను ఉండి ఉంటారు. విద్యార్థులు లేక మన పాఠశాలలు క్షీణించినవని వాపోయేటప్పుడు, వచ్చినవారిలో ఎందరిని మనమే తరిమివేసినామో కూడ లెక్కలోనికి తీసికొనడం ధర్మం.

మాట మారితే దృష్టి మారుతుందా అని సందేహించేవారికి మనువు ఎనిమిదవ అధ్యాయంలోని పట్టికనే తిరిగి చూపుతాను. భార్య, పుత్రుడు, దాసుడు, శిష్యుడు, సోదరుడు. శిష్యునికి బదులు ప్రేష్యుడని కూడ పాఠభేదమున్నది, అప్పుడు పనివాడని అర్థం. పూర్వం వీరందరినీ కొట్టడానికి ఒకే క్రియాపదం. ఈనాడు పనివానిని కొడితే దౌర్జన్యమంటాము. భార్యను కొడితే హింస అంటాము. 2005లో పార్లమెంటు చేసిన చట్టం తెలుగులో గృహహింస చట్టమనే ప్రసిద్ధమైనది. ‘భార్యను దండించినాడు’ అని వ్రాయడానికి ఈనాడు ఏ సంపాదకుడూ సాహసించడు. ఆ పట్టికలోనుండి పాత మాటకు ఇంకా లోబడి ఉన్నవారు పుత్రుడు, శిష్యుడు మాత్రమే. అందరికంటె చిన్నవారు, ఎదురు చెప్పలేనివారు వీరే.

చట్టం ఈ విషయంలో మన భాషకన్న ముందున్నది. 2000లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానం అక్కడి పాఠశాల నిబంధనలలోని బెత్తపు దెబ్బల అనుమతిని కొట్టివేసినది. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన విద్యానిబంధనలను సవరించి బడులలో కొట్టడాన్ని నిషేధించినది. 2009 విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును రెంటినీ నిషేధించినది. 2015 బాలల న్యాయచట్టం శారీరక దండనను నిర్వచిస్తూ, క్రమశిక్షణలో పెట్టడంకోసం గాని బాగుచేయడంకోసం గాని బుద్ధిపూర్వకంగా నొప్పి కలిగించడం కూడ అందులో చేరుతుందన్నది. ఉద్దేశ్యం మంచిదైనంతమాత్రాన పని పేరు మారదని దీని భావం. అయితే ఇంటి విషయంలో చట్టం ఇంతగా మాట్లాడలేదు. పన్నెండేళ్లలోపు పిల్లవాని మేలుకోరి సంరక్షకుడు సద్భావంతో చేసిన పని నేరం కాదనే 1860నాటి నియమం కొత్త సంహితలోను కొనసాగుతున్నది. ఆ చట్టాన్ని మనకిచ్చిన బ్రిటనులోనే, వేల్సు ప్రాంతంలో 2022 మార్చి 21 నుండి ‘సమంజసమైన దండన’ అనే మాట కొట్టినవానికి రక్షణ కాకుండా పోయినది. అక్కడ చట్టం తొలగించినది ప్రధానంగా ఒక పదబంధాన్ని.

ఇన్ని నిషేధాలున్నా బెత్తం పోలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది బాలబాలికలను విచారించినారు. బడికి వెళ్లేవారిలో నూటికి 65 మంది తమను బడిలో కొట్టినారని చెప్పినారు. ఆనాటికి ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం వచ్చి అయిదేళ్లు. చట్టం నిషేధించినది దండనను. ఉపాధ్యాయుడు తాను చేస్తున్నది బుద్ధి చెప్పడమని అనుకొంటున్నాడు. తల్లిదండ్రులు దానిని భయం చెప్పడమంటున్నారు. ఈ రెండు మాటలూ చట్టం కంటికి చిక్కడం లేదు.

మాట ఒక్కటి మార్చినంతమాత్రాన చేయి దిగుతుందని నేననడం లేదు. ఒక గదిలో అరవైమందిని కూర్చోబెట్టి, ఒక్క ఉపాధ్యాయుని నిలబెట్టి, ఫలితాలకోసం పైనుండి ఒత్తిడి చేసే ఏర్పాటు మారవలసి ఉన్నది. అది మన చేతిలో లేదు. మాట మన చేతిలో ఉన్నది. ప్రాచ్యకళాశాలలలో చదివినవారే తెలుగు పండితులుగా, సంస్కృతాధ్యాపకులుగా బడులకు వెళుతున్నారు. పాఠ్యపుస్తకాల భాషను దిద్దేవారిలో, నిఘంటువులకు అర్థాలు కూర్చేవారిలో మనవారున్నారు. ‘శాస్త్రమేమన్నది?’ అని గ్రామంలో ఎవరైనా అడిగితే జవాబు చెప్పేది కూడ మనవారే. కాబట్టి మూడు విషయాలు కోరుతున్నాను. కొట్టడాన్ని కొట్టడమనే వ్రాయవలెను, చెప్పవలెను. శిక్షాశబ్దాన్ని పాఠం చెప్పేటప్పుడెల్లా దాని విద్యార్థాన్ని ముందు చెప్పి, దండనార్థం తరువాత వచ్చినదని వివరించవలెను. తాడనవచనాలను ఉదాహరించేవారు గౌతముని మొదటి విధిని, ఆపస్తంబుని పట్టికను కూడ కలిపి ఉదాహరించవలెను. సగం వచనం చూపడం శాస్త్రవిరుద్ధం.

శిష్యునికి మన భాషలో మరొక పేరున్నది, ఛాత్రుడు. ఛత్రశబ్దం మీద ఏర్పడినది. గురువు గొడుగువంటివాడని, శిష్యుని గొడుగువలె కప్పి కాపాడవలెనని, శిష్యుడు గురువును గొడుగువలె పాలించుకొనవలెనని భాష్యకారుడు దానిని వివరించినాడు. నన్నయభట్టారకుని వాగనుశాసనుడన్నాము. ఆయన వాక్కును అనుశాసించినది దానికొక మార్గం చూపి. ఆ మార్గంలో తెలుగు ఈనాటికీ నడుస్తున్నది. అనుశాసనమంటే అది. మన తరగతిగదిలో కూర్చున్న పిల్లవానికి కూడ ఆ అర్థంలోనే అది లభించవలెను. ఇందులో నేను చూపిన వచనాలకు వేరు అన్వయం తోచినవారు వ్రాస్తే సంతోషిస్తాను. వ్రాసేటప్పుడు, కొట్టడానికి వారు ఏ పేరు వాడుతున్నారో ఒకమారు చూచుకొనవలసినదిగా ప్రార్థిస్తున్నాను.